చిట్టి చేతులకు మక్కు ముద్ద
- ప్రాథమిక బడుల్లో అటకెక్కిన చిత్రలేఖనం పీరియడు
- కొండపల్లి కళ నుంచి తరగతి గదికి తెచ్చుకోదగిన పాఠాలు

కొండపల్లి (ఎన్టీఆర్‌ జిల్లా): ప్రాథమిక పాఠశాలలో ఏ తరగతికైనా వెళ్లి ‘మీకు ఇష్టమైన బొమ్మ గీయండి’ అని కోరితే పిల్లల్లో ఎక్కువమంది గీసేది ఒకటే బొమ్మ. రెండు కొండలు, వాటి నడుమ అర్ధవృత్తంగా సూర్యుడు, కొండల మధ్య నుంచి జారే ఏరు, ఏటి ఒడ్డున గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు, ఆకాశంలో నాలుగు పక్షులు. విజయవాడ పరిసరాల పిల్లలకు కొండలూ ఏరూ కొత్త కావు. ఇంద్రకీలాద్రి, కృష్ణానది నిత్యం కళ్లెదుటే ఉంటాయి. అయినా కాగితంపై కనిపించే కొండ ఇంద్రకీలాద్రి కాదు, ఆ ఏరు కృష్ణ కాదు. అందులో ప్రకాశం బ్యారేజీ ఉండదు, పడవ ఉండదు, మెట్లెక్కే భక్తులు ఉండరు. అన్నలు, అక్కలు గీసినదాన్ని చూసి తమ్ముళ్లు, చెల్లెళ్లు గీసిన బొమ్మ అది. తరాలుగా అలాగే సాగుతోంది.

ఇది పిల్లల తప్పు కాదు. నల్లబల్లపై ఉన్న బొమ్మను చూసి గీయమనడమే చిత్రలేఖనం పీరియడుగా మారిన చోట ఇంతకు మించి ఆశించడానికి లేదు. ఆ పీరియడైనా జరిగే బడులు తక్కువే. టైంటేబుల్‌లో దాని గడి ఉంటుంది, ఆ సమయంలో సాగేది మాత్రం ఎక్కాలో, డిక్టేషనో. పరీక్ష లేని సబ్జెక్టుకు బడిలో దక్కే స్థానం అంతే.

చట్టంలోనే ఖాళీ

ప్రాథమిక స్థాయిలో కళా విద్య వెనుకబాటుకు ఉపాధ్యాయుల నిర్లక్ష్యాన్ని ఒక్కదాన్నే కారణంగా చూపడం న్యాయం కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం అనుబంధ షెడ్యూలు ప్రకారం కళా విద్య, వ్యాయామ విద్య, పని విద్యలకు పార్ట్‌టైమ్‌ బోధకులను ఇవ్వవలసింది ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు మాత్రమే. అదీ వందమందికి మించి పిల్లలున్న బడులకే. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు అటువంటి ఏర్పాటే లేదు. పిల్లలు అరవైమంది వరకు ఉంటే ఇద్దరు ఉపాధ్యాయులు చాలునని అదే షెడ్యూలు చెబుతోంది. ఐదు తరగతులను ఇద్దరు పంచుకొని, రికార్డులు రాసి, మధ్యాహ్న భోజనం చూసుకొని, ఆపై బొమ్మలు నేర్పించాలంటే సామాన్యమైన పని కాదు.

మరోవైపు విధాన పత్రాలకు కొదవ లేదు. కళలను పదో తరగతి వరకు తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సూచించింది. ఇతర పాఠాలను కళల ద్వారా బోధించాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పింది. స్థానిక వృత్తి పనివారి వద్ద పిల్లలు పని నేర్చుకునేందుకు పది రోజులు సంచి లేని బడి నడపాలని కూడా అందులో ఉంది. అయితే ఆ పది రోజులూ ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకే. ఇక్కడా చిన్న పిల్లలు బయటే మిగిలారు.

తొమ్మిదేళ్ల వయసులో వచ్చే భయం

చిన్న తరగతులను విడిచి పెద్ద తరగతుల్లో కళను మొదలుపెట్టడంలోని నష్టం ఏమిటో తెలుసుకోవాలంటే పిల్లల బొమ్మలు వయసుతో ఎలా మారతాయో గమనించాలి. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో కళా విద్య బోధించిన విక్టర్‌ లోవెన్‌ఫెల్డ్‌ 1947లో వెలువరించిన గ్రంథంలో ఈ మార్పులను దశలుగా వివరించారు. రెండు నుంచి నాలుగేళ్ల వరకు పిచ్చిగీతలు. నాలుగు నుంచి ఏడేళ్ల వరకు తలకాయ నుంచే కాళ్లూ చేతులూ మొలిచే మనుషులు. ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య కాగితం అడుగున నేల ఒక గీత, పైఅంచున ఆకాశం ఒక పట్టీ, ఆ రెంటి నడుమ ఖాళీ. ఈ వయసులో పిల్లవాడు ఇంటి బొమ్మ వేస్తే గోడలోంచి లోపలి మంచం, పొయ్యి కూడా కనిపిస్తాయి. అమ్మ తలుపుకన్నా పెద్దగా ఉంటుంది. కంటికి కనిపించినదాన్ని గాక, తనకు తెలిసినదాన్ని, తనకు ముఖ్యమైనదాన్ని వాడు గీస్తున్నాడు. దాన్ని తప్పని దిద్దితే వాడు చెప్పదలచుకున్న మాటకే అడ్డు తగిలినట్లవుతుంది.

తొమ్మిదేళ్లు దాటిన తర్వాత పరిస్థితి మారుతుంది. నాలుగు, ఐదు తరగతులకు వచ్చేసరికి తన బొమ్మ నిజమైన వస్తువులా లేదని పిల్లలకు తెలుస్తుంది. పక్కవాడి బొమ్మతో పోల్చుకుంటారు. ‘నాకు బొమ్మలు రావు సార్‌’ అన్న మాట మొదటిసారిగా వినిపించేది ఈ తరగతుల్లోనే. అప్పటికే చేతికి మట్టి, రంగు, కత్తెర అలవాటైన పిల్లలు ఈ మెట్టును దాటుతారు. అలవాటు లేనివారిలో చాలామంది అక్కడితో పెన్సిలు కింద పెట్టేస్తారు. ఆరో తరగతిలో బోధకుడు వచ్చినా అప్పటికి ఆలస్యమవుతుంది.

కొండపల్లి ఏం చెబుతోంది

ప్రాథమిక పాఠశాలల్లో చేయించే కళా ప్రాజెక్టుకు ఖరీదైన సామగ్రి, ప్రత్యేక గది ఉండాలన్నది అపోహ. అందుకు కొండపల్లి బొమ్మే తగిన ఉదాహరణ. ఏనుగు అంబారీ, దశావతారాలు, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి, రోకలి పట్టిన ఇల్లాలు.. సంక్రాంతి బొమ్మల కొలువుల్లో తరతరాలుగా వెలిసిన ఈ బొమ్మలకు మూలవస్తువులు కొండపై పెరిగే తెల్లపొణికి కర్ర, చింతగింజల జిగురు, రంపపుపొట్టు, సుద్ద, రంగులు. ఆర్యక్షత్రియులుగా పిలిచే ఇక్కడి కళాకారులు రాజస్థాన్‌ ప్రాంతం నుంచి తరలివచ్చిన కుటుంబాలవారని చెబుతారు. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి ‘మన్‌ కీ బాత్‌’ ప్రసంగంలో దేశంలోని బొమ్మల తయారీ కేంద్రాలను పేర్కొన్నప్పుడు అందులో కొండపల్లి పేరు కూడా ఉంది.

ఈ బొమ్మను ఒకే దుంగ నుంచి చెక్కరు. తేలికైన పొణికి కర్రలోని తేమ పోయేలా సన్నని సెగపై ఆరబెట్టి మొండెం, చేతులు, కాళ్లు విడివిడిగా చెక్కుతారు. వాటిని అతికించేదీ, సందులు పూడ్చి ఒంపులు దిద్దేదీ మక్కు. చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దను ఇక్కడ ఆ పేరుతో పిలుస్తారు. మక్కు ఆరాక నునుపు చేసి, సుద్ద పూత పూసి, ఆపై రంగులు వేస్తారు.

ఉపాధ్యాయులు దృష్టి పెట్టవలసింది ఈ మక్కుపైనే. ఉలి, బాడిస ఎనిమిదేళ్ల పిల్లల చేతికి ఇవ్వదగినవి కావు. పొణికి కర్ర కళాకారులకే సరిగా దొరకని పరిస్థితి ఉండగా బడులకు పంచిపెట్టమనడం వివేకం కాదు. మక్కు ముద్దకు ఈ రెండు ఇబ్బందులూ లేవు. మెత్తగా ఉంటుంది, చేతికి హాని చేయదు, ఆరితే కర్రలా గట్టిపడుతుంది. తెలంగాణలోని చేర్యాలలో కొబ్బరిచిప్పలపై ముఖాలు దిద్దేదీ దాదాపు ఇటువంటి ముద్దతోనే.

ముద్ద తయారీ

చింతగింజలను ఇసుకతో కలిపి మూకుడులో వేయిస్తే పైతొక్క పగులుతుంది. రోట్లో మెల్లగా దంచి తొక్క వేరుచేసి, తెల్లని పప్పును రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాలి. నీళ్లు కలిపి సన్నని మంటపై కలియబెడుతూ ఉడికిస్తే గంజికన్నా చిక్కని జిగురు వస్తుంది. ఇంతవరకు పెద్దల పనే. మంట దగ్గరకు పిల్లలను రానీయరాదు. మధ్యాహ్న భోజనం వండే అమ్మలు ఒప్పుకుంటే ఈ పని వారికి మించి చక్కగా చేయగలవారు బడిలో ఎవరూ ఉండరు. చారుకు పోసిన నీటి కొలతలో తేడా పసిగట్టగల చేతులకు జిగురు పాకం ఒక లెక్క కాదు.

రంపపుపొట్టు కోత మిల్లుల్లో, వడ్రంగి దుకాణాల్లో అడిగితే ఇస్తారు. దాన్ని జల్లించి పుల్లలు, పెచ్చులు తీసివేయాలి. మేకులు, ఇనుపముక్కలు లేకుండా ఉపాధ్యాయులే ఒకసారి చేత్తో వెదికి చూడాలి. చల్లారిన జిగురులో పొట్టును కొద్దికొద్దిగా వేసి చపాతీ పిండిలా పిసికితే మక్కు సిద్ధం. పిల్లలు అమితంగా ఇష్టపడే ఘట్టమిది. పిసికే పని వారికే వదలాలి. బొమ్మ మొత్తం మక్కుతో చేస్తే లోపల ఆరక బూజు పడుతుంది, పైన బీటలు వారుతుంది. అందువల్ల పాత దినపత్రికను గట్టిగా నలిపి దారంతో చుట్టి లోపలి గట్టి తయారుచేసి, దానిపై అర అంగుళం మందానికి మించకుండా మక్కు అద్దాలి. నీడలో మూడు రోజులైనా ఆరాలి. వానాకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది కనుక ఈ ప్రాజెక్టుకు దసరా తర్వాత నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం.

ఏ బొమ్మ చేయాలి?

అసలు ప్రశ్న ఇదే. కొండపల్లి బొమ్మను ఎదుట పెట్టి దానికి నకలు చేయించడం సులువు. అలా చేయిస్తే రెండు కొండలు, నడుమ సూర్యుడి కథే మళ్లీ మొదలవుతుంది. కొండపల్లి కళాకారుల గొప్పతనం ఏనుగును చెక్కడంలోనే లేదు. తమ కాలంలో తమ చుట్టూ ఉన్న గీత కార్మికుణ్ణి, ఎడ్లబండిని, దంపుడు రోలును చూసి వాటిని బొమ్మల్లోకి తెచ్చారు. నేటి పిల్లలు తమ వీధిని చూసి చేస్తే అందులో ఆటో ఉంటుంది, సెల్‌ టవరు ఉంటుంది, మంచినీళ్ల డబ్బాల బండి ఉంటుంది, ఇడ్లీ బండి దగ్గర నిలబడిన మనుషులు ఉంటారు. సంప్రదాయాన్ని కొనసాగించడమంటే ఇదేనని ఒప్పుకోవడానికి పెద్దలకు కొంత సమయం పట్టవచ్చు.

‘మా వీధి’ అన్న పేరుతో తరగతి మొత్తానికీ ఒకే ప్రాజెక్టు ఇస్తే నాలుగు విడతల్లో పూర్తవుతుంది. మొదటి విడతలో పిల్లలను వీధిలోకి తీసుకెళ్లాలి. ఎవరేం పని చేస్తున్నారో చూసి, ఒక్కొక్కరు ఒక్కొక్కరిని ఎంచుకోవాలి. కూర్చున్నవారి వీపు ఎలా వంగుతుంది, బరువు మోసేవారి మెడ ఎటు వాలుతుంది వంటి ప్రశ్నలు అక్కడే అడగాలి. పలకపైనో కాగితంపైనో గీసుకోవడం అప్పుడే. రెండో విడతలో లోపలి గట్టి, మక్కు. మూడో విడతలో గరుకు కాగితంతో నునుపు చేసి సుద్ద పూత వేయడం. నాలుగో విడతలో రంగులు వేయడం, వీధిని పేర్చడం. పేర్చేటప్పుడు తలెత్తే వివాదాలు మంచి పాఠాలవుతాయి. ఒకరి మనిషి మరొకరి ఇంటికన్నా పెద్దగా ఉంటాడు. కొలత అంటే ఏమిటో, నిష్పత్తి ఎందుకు కావాలో లెక్కల పుస్తకం తెరవకుండానే తరగతికి బోధపడుతుంది. తాను చేసిన మనిషి గురించి ఐదు వాక్యాలు చెప్పమంటే, పాఠం అప్పజెప్పలేని పిల్లవాడు సైతం తడుముకోకుండా చెబుతాడు.

సమయం లేదన్న మాటకు సమాధానం లెక్కల్లోనే ఉంది. రెండు పీరియడ్లు కలిపి విడతకు 80 నిమిషాలు అనుకుంటే నాలుగు విడతలకు 5 గంటల 20 నిమిషాలు. ఏడాదికి ఇటువంటివి మూడు ప్రాజెక్టులు చేయించినా 16 గంటలు. ప్రాథమిక తరగతులకు చట్టం నిర్దేశించిన బోధనా సమయం ఏడాదికి 800 గంటలు. అందులో ఇది నూటికి రెండు వంతులు. బహుళ తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టే బడులకు ఈ పని మరింత అనువైనది. ఐదో తరగతివారు గట్టి చుడితే ఒకటో తరగతివారు మక్కు పిసుకుతారు. పాఠాల్లో ఇబ్బందిగా ఉండే వయసు తేడా ఇక్కడ పనికొస్తుంది.

రంగులతో జాగ్రత్త

ఇంటికి సున్నం, రంగులు వేయించగా మిగిలిన డబ్బాలను బడికి తెచ్చి పిల్లలకు ఇవ్వడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. ఇది ప్రమాదకరం. గృహాలకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించరాదని కేంద్రం 2016లో నిబంధనలు తెచ్చింది, 2017 నవంబరు నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందునాటి డబ్బాల్లో ఎంత ఉందో చెప్పలేం. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రంగు చేతులను నోట్లో పెట్టుకునే వయసు వారిది. కనుక పాత డబ్బాలను గడప దాటి రానీయకపోవడమే మేలు.

పరిసరాల్లో దొరికే రంగులు చాలు. పసుపు, జేగురు, కట్టెబొగ్గు, సుద్ద, బీట్‌రూట్‌ రసం, గోరింటాకు. వీటిని చింతగింజల జిగురులోనే పలుచగా కలిపితే బొమ్మకు పడతాయి. పసుపు నీటిలో చిటికెడు తేరిన సున్నపు నీరు వేస్తే అది ఎర్రగా మారుతుంది. పెళ్లిళ్లలో పాదాలకు పూసే పారాణి రహస్యమిదే. ఆ ఎరుపులో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగు తిరిగొస్తుంది. ఆమ్లం, క్షారం అన్న మాటలు పిల్లలకు పై తరగతుల్లో ఎదురయ్యేనాటికి ఈ దృశ్యం వారి మనసులో ఉంటుంది. సున్నం కంట్లో పడితే ప్రమాదం కనుక ఆ నీటిని ఉపాధ్యాయులే కలపాలి. పసుపు, బీట్‌రూట్‌ రంగులు ఎండకు వెలిసిపోతాయి. జేగురు, బొగ్గు నిలుస్తాయి. ఏది నిలుస్తుందో, ఏది వెలుస్తుందో ముందే చెప్పకుండా కిటికీ దగ్గర రెండు కాగితాలు పెట్టి నెల రోజులు చూడనిస్తే అదొక ప్రయోగం.

బడిని బట్టి ముడిసరుకు

కొండపల్లికి దూరంగా ఉన్న జిల్లాలకు వాటి వనరులు వాటికి ఉన్నాయి. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంట తోలుబొమ్మలకు నిలయం. అక్కడి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది. తోలుకు బదులు అట్టముక్కలు కత్తిరించి, కీళ్ల వద్ద దారంతో ముడివేసి, వెదురుపుల్ల కట్టి, తెల్ల పంచె వెనుక దీపం పెడితే తరగతి గదిలోనే బొమ్మలాట సాధ్యం. అట్టలో కన్ను, నగ, అంచు చోట రంధ్రాలు చేసి నూనె రాసిన రంగు కాగితం అతికిస్తే తెరపై రంగు పడుతుంది. బొమ్మ దీపానికి దగ్గరైతే నీడ పెద్దది, తెరకు దగ్గరైతే చిన్నది. చేర్యాల పటం ఒక కథను వరుస గడుల్లో చెప్పే పద్ధతి కనుక పాత క్యాలెండర్ల వెనుక వైపున పిల్లలు తమ ఊరి కథను అలా గీయవచ్చు. ఏటికొప్పాక లక్క బొమ్మలకు తిరిగే యంత్రం కావాలి, అది పిల్లలకు చూపించదగినదే గాని చేయించదగినది కాదు. తాటిచెట్లున్న ఊళ్లలో తాటాకు చిలుకలు, చేపలు అల్లడం తాతమ్మలకు ఇంకా గుర్తే. వినాయక చవితికి బంకమట్టి ఎలాగూ ఇంటికి వస్తుంది. సంక్రాంతి ముగ్గు సరేసరి. చుక్కలు లెక్కపెట్టి రెండు వైపులా సమానంగా గీత నడిపించే పనిలో ఇమిడి ఉన్న జ్యామితిని చూడని ఉపాధ్యాయులు ఉండరు. మగపిల్లల చేత కూడా ముగ్గు వేయించాలి.

పెద్దల చేయి తగలరాదు

ఇటువంటి ప్రాజెక్టులు చెడిపోయేది సామగ్రి లేక కాదు, అందం మీది మోజు వల్ల. అధికారులు తనిఖీకి వస్తున్నారంటే ఉపాధ్యాయులే కూర్చొని పిల్లల బొమ్మలను దిద్దుతారు. తల్లిదండ్రులు స్టేషనరీ దుకాణంలో ముద్రించిన చార్టు కొని, దాన్నే ‘ప్రాజెక్టు’గా పంపిస్తారు. గోడ నిండుగా కనిపిస్తుంది, పిల్లవాడికి మిగిలింది సున్నా. వంకరగా ఉన్న మక్కు ఆటో వంకరగానే గోడపక్కన నిలబడాలి. దాన్ని ఎందుకు మూడు చక్రాలతో చేశాడో, నాలుగో మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాడో చెప్పగలిగితే అదే మూల్యాంకనం. మొదటి, రెండో, మూడో బహుమతులు ఈ వయసులో అనవసరం. ముప్పైమందిలో ముగ్గురికి బహుమతి ఇవ్వడమంటే తక్కిన ఇరవై ఏడుగురికి ‘నీకు రాదు’ అని చెప్పడమే. ఆ మాట చెప్పుకోవడానికి వారికి తొమ్మిదో ఏడు ఎలాగూ రానే వస్తుంది.

కళాకారులను బడికి పిలిచే పద్ధతి కూడా మారవలసి ఉంది. శాలువా కప్పి, ఫొటో తీసి, రెండు మాటలు చెప్పించి పంపివేయడం వల్ల పిల్లలకు గాని, వారికి గాని ప్రయోజనం లేదు. కళాకారునికి ఆ రోజు పని పోతుంది. పోయిన పనికి తగిన ప్రతిఫలం ఇచ్చి, పిల్లల పక్కన నేలపై కూర్చోబెట్టి రెండు గంటలు పని చేయిస్తే మక్కు అద్దే వేలి ఒత్తిడిని పిల్లలు కళ్లారా చూస్తారు. కొండపల్లిలో ఈ వృత్తిని పట్టుకొని ఉన్న కుటుంబాలు తగ్గుతూ వస్తున్నాయి, కొత్త తరం ఇతర ఉపాధి వెదుక్కుంటోంది. మండలంలోని నాలుగు బడులు కలిసి ఒక కళాకారుణ్ణి ఏడాదికి కొన్ని రోజులు వంతులవారీగా పిలిచినా ఆ కుటుంబానికి అదొక ఆదరవు. నిధులకు పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం చేయవచ్చు, పూర్వ విద్యార్థులను అడగవచ్చు.

ముడిసరుకు విషయంలో ముందుచూపు ఉండాలి. చింతపండు కొట్టి గింజ తీసే పని ఇళ్లలో సాగేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్‌ మధ్యలో. ఆ గింజలు సాధారణంగా చెత్తలోకో పొయ్యిలోకో పోతాయి. మార్చి నెలలో పిల్లలకు ఒక మాట చెబితే ఇంటికి గుప్పెడు చొప్పున బడికి వస్తాయి. రెండు రోజులు ఎండలో పోసి, నాలుగు ఎండు వేపాకులు వేసి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో భద్రపరిస్తే సెలవుల తర్వాత బడి తెరిచి, దసరా వెళ్లేవరకు చెక్కుచెదరవు. డబ్బాను నేలపై గాక అలమరపై ఉంచాలి, ఎలుకల బెడద లేకుండా ఉంటుంది.